వంటగట్టు పుట్టుపూర్వోత్తరాలు

మన అమ్మమ్మల వంటిళ్ళలో వంటగట్టు అనేదే లేదు. పొయ్యి నేలమీద, దాని ముందు పీట, పక్కన కత్తిపీట, గోడవార సన్నికల్లు. కూర తరిగినా, పచ్చడి నూరినా, పిండి కలిపినా అంతా కూచునే. అందుకని గట్టు తుడవడం అంటూ వాళ్ళకి విడిగా పని లేదు. పొయ్యీ, దాని చుట్టూ నేలా పేడతో అలికి ముగ్గు గీస్తే వంటిల్లు శుభ్రమైనట్టే. మట్టినేలకి మచ్చపడితే బెంగా లేదు. మళ్ళీ అలికితే మచ్చ అడుక్కి పోతుంది!

నిలబడి పని చేసుకునే వంటిల్లు ఎలా వుండాలని పాశ్చాత్య దేశాల్లో గట్టిగా ఆలోచించిన వాళ్ళల్లో ఆడవాళ్ళు ముందున్నారు. 1869లో అమెరికాలో కేథరిన్ బీచర్, చెల్లెలు హారియట్ బీచర్ స్టోతో కలిసి గృహనిర్వహణ మీద ఒక పుస్తకం రాసింది. ఓడలో వంటవాడు ఒకటి రెండు అడుగులు వేస్తే చాలు, అన్నీ చేతికందుతాయి. ఇంట్లో ఇల్లాలు మాత్రం ఎందుకు అటూ ఇటూ తిరగాలని ఆవిడ వాదన. పిండిపీపా, పిండి కలిపే బల్ల, అంట్లతొట్టి ఒకే వరసలో బొమ్మ వేసి చూపించింది. తరవాత 1926లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన ఇళ్ళకి మార్గరెట్ షుట్టె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు చిన్న వంటగది ఒకటి తయారుచేసింది. అలాంటివి సుమారు పదివేలు కట్టారు. దానిలో బల్లపైభాగం బీచ్ చెక్కతో చేశారు, మరకలకీ కత్తిగాట్లకీ తట్టుకుంటుందని. అప్పటికి తనకి వంట రాదని ఆవిడే తరవాత చెప్పుకున్నది. రాని మనిషి అంత బాగా గీసిందంటే, వచ్చిన వాళ్ళని ఎవరూ అడగలేదన్నమాట!

మన దేశంలో గట్టుని నేలమీద నుంచి పైకి లేపిన వాటిలో పెద్దది గ్యాసు. 1955లో బొంబాయిలో బర్మాషెల్ వారు, 1965లో కలకత్తాలో ఇండేన్ వారు ఇళ్ళకి గ్యాసు ఇవ్వడం మొదలుపెట్టారు. సిలిండరు కింద, స్టవ్వు దానికన్నా ఎత్తున వుండాలన్నది నియమం. ఇంక నేలమీద కూచుని వండటం ఎలా? గట్టు కట్టక తప్పలేదు. మరి దానిమీద ఏం పరచాలి?

ఇక్కడ మన రాయలసీమ రాయి వచ్చింది. కడప, కర్నూలు ప్రాంతాల్లో భూమిలో సున్నపురాయి పొరలు పొరలుగా వుంటుంది. ఆ రాతివరసల గురించి విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లోనే పెద్ద నివేదిక రాశాడు. పొరవెంట పలకలుగా విడిపోవడం దాని గుణం, అందుకే చవక. నల్లని ఆ బండ ఎంత దూరం వెళ్ళిందంటే, బొంబాయి, పూనా ఇళ్ళలో వంటగట్టు రాయి పేరే 'కడప్పా'. ఊరి పేరు రాయికి, రాయి పేరు గట్టుకి!

కాని అది సున్నపురాయి అని మరిచిపోకూడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగరు పడితే సున్నంతో కలిసి సన్నగా పొంగి, నున్నటి పై పొరని తినేస్తాయి. తుడిచినా పోని తెల్లటి మచ్చ మరక కాదు, రాయికి పడ్డ గాయం. పాలరాయి గట్టుదీ ఇదే సంగతి. సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి సానపట్టే మొజాయిక్‌దీ అంతే. స్నానాలగదికి వాడే యాసిడ్ వీటిమీద పొయ్యడమంటే గట్టుని చేజేతులా పాడు చేసుకోవడమే. కాస్త సబ్బునీళ్ళు, తడిగుడ్డ, ఆ వెంటనే పొడిగుడ్డ, చాలు. కడప బండ తెల్లబడితే కొబ్బరినూనె చుక్క రాస్తారు, నలుపు తిరిగి కనిపిస్తుంది. అది గాయం మానడం కాదు, కప్పడం.

గ్రానైటు వేరు. దాన్ని కొయ్యడానికీ, సానపట్టడానికీ వజ్రపు పళ్ళ రంపాలూ యంత్రాలూ కావాలి కనక మామూలు ఇళ్ళకి ఆలస్యంగా వచ్చింది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయి, బంగారు చుక్కలతో, ఇవాళ దేశదేశాల వంటిళ్ళలో వుంది. అసలు భూగర్భశాస్త్రం ప్రకారం అది గ్రానైటు కాదు, గాబ్రో జాతి, వ్యాపారంలో గ్రానైటు. పులుపు దీన్ని ఏమీ చెయ్యదు. కాని లేతరంగు గ్రానైటు నూనె పీలుస్తుంది. గట్టుమీద నీటిబొట్టు వెయ్యండి. అది అలాగే ముత్యంలా నిలిస్తే సరే. ఇంకిపోయి నల్లబడితే మళ్ళీ సీలరు పూయించుకోవాలి.

పసుపు మరక సంగతి ఒకటి. సబ్బు పెట్టగానే ఎర్రబడితే కంగారు పడకండి. పసుపు, సున్నం కలిస్తే పారాణి అయినట్టే, సబ్బులోని క్షారంతో అలా మారుతుంది. ఎండ తగిలితే పసుపు రంగు వెలిసిపోతుంది.

ఇప్పుడు కొత్తగా 'క్వార్ట్జ్' గట్లు వస్తున్నాయి. క్వార్ట్జ్ పొడిని రెసిన్‌తో అతికించి, నొక్కి చేసిన రాయి. మచ్చపడదు, కాని పొయ్యిమీది మూకుడు నేరుగా దించితే రెసిన్ మాడుతుంది. అంతకన్నా పెద్ద విషయం, దాన్ని పొడిగా కోసేవాడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే సన్నటి దుమ్ము. దానివల్ల సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, నయం కాదు. పనివాళ్ళు చాలామంది ఆ జబ్బున పడ్డారని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024 జూలై 1 నుంచి ఈ రాయిని నిషేధించింది. గ్రానైటు దుమ్మూ మంచిది కాదు, దానిలోనూ క్వార్ట్జ్ వుంటుంది. మీ ఇంట్లో గట్టు కోయించేటప్పుడు నీళ్ళు పోస్తూ కొయ్యమనండి, ముక్కుకి సరైన మాస్కు పెట్టుకోమనండి, పిల్లల్ని అటు రానివ్వకండి. "అలవాటేనమ్మా" అంటాడు. అన్నా సరే, మీరు బకెట్టు నీళ్ళు తెచ్చి ఇవ్వండి.

ఎత్తు సంగతి కూడా మేస్త్రీకి వదిలెయ్యకండి. "అందరికీ ఇంతేనండీ" అని కొలత చెబుతాడు. గట్టు దగ్గర రోజూ నిలబడేది మీరు. మోచెయ్యి మడిచి నిలబడి, అక్కణ్ణుంచి నాలుగైదు అంగుళాలు కిందకి కొలిపించి, గోడమీద గీత గీయించండి. అత్తగారూ మీరూ ఎత్తులో తేడా అయితే, ఎక్కువసేపు వండేది ఎవరో ముందు తేల్చుకుని గీయించండి.