రాగి అతుకు: మాటు నుంచి ఇండక్షన్ బ్రేజింగ్ దాకా (నిజాంపేట నేపథ్యంలో ఒక వృత్తి, పదజాల పరిశీలన)

వ్యాససంగ్రహం

రాగిని కరిగించకుండా, దానికంటే ముందే కరిగే మరో లోహంతో అతికే విద్య తెలుగు వృత్తులకు కొత్తది కాదు. మాటు, టంకం, వెలిగారం అనే మాటలు ఆ విద్య భాషలో వదిలిన ఆనవాళ్లు. హైదరాబాదు ఐ.టి. విస్తరణలో అపార్ట్‌మెంట్ల పేటగా మారిన నిజాంపేటలో నేడు అదే విద్య ఏసీ రాగి గొట్టాల మీద సాగుతోంది. దాని పేరు మాత్రం ‘వెల్డింగ్’ అయింది. కొలిమి నుంచి ఇండక్షన్ దాకా ఈ అతుకు నడిచిన దారిని, కొత్త పద్ధతి కర్మాగారం గడప దాటకపోవడానికి గల కారణాలను, అతుకు మాట మరుగున పడడం వల్ల గృహస్థుడికి కలిగే నష్టాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మాటు, టంకం, వెలిగారం, బ్రేజింగ్, విద్యుదయస్కాంత ప్రేరణ, నిజాంపేట, వృత్తి పదజాలం.

ఉపోద్ఘాతం

నిజాంపేట ఒకప్పుడు కుత్బుల్లాపూర్ మండలంలోని గ్రామం. ఒకవైపు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, మరోవైపు మియాపూర్, బాచుపల్లి పెరుగుతూ వచ్చి దాన్ని నగరంలో కలుపుకున్నాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఐ.టి. ఉద్యోగుల నివాసాలు ఈ దిక్కుకు విస్తరించాయి. 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిసి నిజాంపేట మునిసిపల్ కార్పొరేషన్ ఏర్పడింది. ఈ చరిత్రను భూముల ధరలతో, రోడ్ల వెడల్పుతో చెప్పడం పరిపాటి. అపార్ట్‌మెంట్ల వెనుక గోడలను చూస్తే మరొక చరిత్ర కనిపిస్తుంది. ప్రతి అంతస్తులోనూ కిటికీ పక్కన ఒక ఏసీ పెట్టె, దాని నుంచి గదిలోకి వెళ్లే రెండు రాగి గొట్టాలు. వాటి కొలతలు నేటికీ పావు అంగుళం, అర అంగుళమే. మెట్రిక్ విధానం వచ్చి అరవై ఏళ్లు దాటినా అంగుళం రాగిని వదలలేదు.

ఆ గొట్టాలకు, ఏసీ పెట్టె లోపలి రాగి చుట్టలకు ఎన్నో అతుకులుంటాయి. బయట బిగించే గొట్టాలను చాలావరకు అంచు విప్పార్చి నట్టుతో బిగిస్తారు. పెట్టె లోపలివి, మరమ్మతులో వేసేవి కరిగించి వేసే అతుకులు. మెకానిక్ వాటిని ‘వెల్డింగ్’ అంటాడు. శాస్త్రరీత్యా అది వెల్డింగ్ కాదు. వెల్డింగ్‌లో అతికే లోహమే కరుగుతుంది. ఇక్కడ రాగి కరగదు, రెండు గొట్టాల నడుమనున్న సన్నని సందులోకి మరో లోహం కరిగి పాకుతుంది. పూరక లోహం 450 డిగ్రీల సెల్సియస్‌కు పైన కరిగితే బ్రేజింగ్, అంతకు లోపు కరిగితే సోల్డరింగ్ అని ఇంజినీర్ల విభజన. తెలుగు వృత్తికారుడికి ఈ గీత అవసరం లేకపోయింది. అతని దగ్గర వేరే మాటలున్నాయి.

మాటు, టంకం, వెలిగారం

చిల్లుపడిన బిందెకు వేసేది మాటు. ‘మాట్లు వేస్తాం’ అని వీధుల్లో కేకవేస్తూ తిరిగిన వారిని పాత తరం ఎరుగును. నేటి పత్రికా భాషలో ‘మాటువేయు’ అంటే పొంచి ఉండడం ఒక్కటే మిగిలింది. లోహాన్ని లోహంతో కప్పే మాటు, దాన్ని వేసే మనిషితోపాటు వీధి నుంచి వెళ్లిపోయింది.

కంచరి పనిలో అతుకు కేవలం మరమ్మతు కాదు. రేకును సాగగొట్టి చేసే పెద్ద పాత్రలను రెండు ముక్కలుగా చేసి నడుము దగ్గర కలిపేవారు. అంచులను రంపపు పళ్లలా కత్తిరించి, ఒక ముక్క పళ్లను మరో ముక్క పళ్ల నడుమ ఇమిడ్చి, ఆ గీత వెంట ఇత్తడి పొడిని వెలిగారంతో కలిపి పెట్టి కొలిమిలో వేడిచేసేవారు. జింకు పాలు ఎక్కువగా ఉన్న ఇత్తడి, పాత్ర లోహం కంటే ముందే కరుగుతుంది. పాత బిందె నడుమును పరీక్షగా చూస్తే ఆ పళ్ల వరుస పసుపు గీతగా నేటికీ కనిపిస్తుంది. పళ్లు ఊరికే పెట్టినవి కావు. అతుకు వైశాల్యం పెంచి, నీటి బరువుకు కీలు విడిపోకుండా నిలిపేవి అవే. ఏసీ గొట్టాన్ని మరో గొట్టం మూతిలోకి దూర్చి అతకడంలోనూ ఉన్నది ఇదే సూత్రం. అంచుకు అంచు ఆనించి వేసిన అతుకు బలహీనం, ఒకదానిలో ఒకటి ఇమిడ్చినది దృఢం.

వెలిగారం పని వేరు. వేడెక్కిన రాగి మీద క్షణాల్లో నల్లని పొర కడుతుంది. ఆ పొర ఉన్నచోట కరిగిన లోహం అంటుకోదు, నూనె పూసిన పళ్లెం మీద నీటిలా బొట్లుగా జారిపోతుంది. వెలిగారం కరిగి గాజులా మారి ఆ పొరను తనలో కలుపుకుంటుంది. సంస్కృతంలో టంకణమంటే వెలిగారమే. తెలుగులో టంకమంటే అతికే లోహం, అతికే పని కూడా. సాయపడే పదార్థం పేరే అసలు పనికి పేరైందనిపిస్తుంది. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు ‘టంకం వేయడం’ అనే మాటను స్వీకరించాయి గాని, అది విద్యుత్ తీగల సోల్డరింగ్ దగ్గరే ఆగింది. కళాయి వీటన్నిటికీ భిన్నం. అది ఉర్దూ ద్వారా వచ్చిన మాట, చింతపండు పులుసుకు రాగి చిలుమెక్కకుండా పాత్ర లోపల పూసే తగరపు పూత. వీధిలో ఒకే మనిషి ఈ రెండు పనులూ చేయడంతో కళాయి, మాటు జంటగా వినిపించేవి.

టంకం తెలుగు ఇళ్లలోకి మరో దారిన, ఎవరూ గుర్తుపట్టని వేషంలో వచ్చింది. అదే ‘కె.డి.ఎం. బంగారం’. ఆ అక్షరాలు స్వచ్ఛతకు గుర్తని కొన్నవారే ఎక్కువ. నిజానికి అది కాడ్మియం కలిపిన టంకం పేరు. రాగి కలిపిన పాత టంకం నగ మొత్తం స్వచ్ఛతను తగ్గించేది. కాడ్మియంతో ఆ నష్టం తగ్గింది. అయితే వేడికి కాడ్మియం ఆవిరవుతుంది, ఆ ఆవిరి ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు విషం. నగ పెట్టుకున్నవారికి స్వచ్ఛత దక్కింది, ఊదుగొట్టం పట్టిన కంసాలికి పొగ దక్కింది. కాడ్మియం కలిసిన వెండి పూరకాలు రాగి గొట్టాల పనిలోనూ చాలాకాలం చలామణి అయ్యాయి. అతుకు చరిత్రను కేవలం సాంకేతిక ప్రగతిగా రాయరాదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆల్విన్ జాడ

చల్లదనపు యంత్రాలతో హైదరాబాదుకు ఉన్న సంబంధం ఐ.టి. కంటే పాతది. నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ భాగస్వామ్యంతో 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ సనత్‌నగర్ కేంద్రంగా ఉక్కు సామాను, బస్సు బాడీలు, ఆ తరువాత ఫ్రిజ్‌లు, గడియారాలు తయారుచేసింది. మూసిన వలయంలో వాయువు ఏళ్ల తరబడి తిరగాలంటే ప్రతి అతుకూ జుట్టంత పగులు కూడా లేకుండా ఉండాలి. బిందె మాటు కొద్దిగా చెమర్చినా ఇల్లు గడుస్తుంది, ఫ్రిజ్ అతుకు చెమరిస్తే చల్లదనమే ఉండదు. అతుకు నాణ్యతకు కొలత ఇక్కడ మారింది. 1968లో బాలానగర్‌లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, ఆ చుట్టుపక్కల వెలసిన చిన్న కర్మాగారాలు లోహపు పనివారిని ఈ ప్రాంతంలో నిలిపాయి. 1990లలో ఆల్విన్ ఫ్రిజ్ విభాగం వోల్టాస్ పరమైంది. నిజాంపేటకు కూతవేటు దూరంలో ఆల్విన్ కాలనీ, మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తా అన్న పేర్లు నిలిచాయి. ఆ చౌరస్తాలో బస్సు దిగే యువకుల్లో ఎందరికి ఆ పేరు ఒక ఫ్రిజ్‌దని తెలుసునో!

మంట లేని వేడి

1831లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. మారే అయస్కాంత క్షేత్రంలో ఉన్న లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి దాన్ని వేడిచేస్తాయి. చాలాకాలం ఇంజినీర్లు ఈ వేడిని నష్టంగానే చూశారు. ట్రాన్స్‌ఫార్మర్ల లోపలి ఇనుమును పలుచని రేకులుగా పేర్చడం ఆ వేడిని తప్పించడానికే. 1910లలో ప్రిన్స్‌టన్‌లో ఎడ్విన్ నార్త్రప్ అధిక పౌనఃపున్య కొలిమిని రూపొందించడంతో ఆ నష్టమే పనిముట్టుగా మారింది.

తెలుగు పాఠకుడికి ఈ సూత్రం వంటింట్లోనే పరిచయం. ఇండక్షన్ పొయ్యి మీద ఉక్కు గిన్నె కాగుతుంది, రాగి చెంబు కాగదు. రాగి అయస్కాంతానికి లొంగదు, విద్యుత్తుకు అతి తక్కువ నిరోధం చూపుతుంది. అందువల్ల ఆ పొయ్యి సామర్థ్యంలో రాగిలో పుట్టే వేడి స్వల్పం. మరి రాగి గొట్టాలను ఇండక్షన్‌తో ఎలా అతుకుతారు? గొట్టాన్ని తీగచుట్ట దాదాపు ఆనుకుని చుట్టుముడుతుంది, ప్రవాహం వందల ఆంపియర్లలో ఉంటుంది, పౌనఃపున్యాన్ని గొట్టం మందానికి తగినట్లు ఎంచుకుంటారు. ఇంటి విద్యుత్తు 50 హెర్ట్జ్ వద్ద రాగిలో దాదాపు 9 మిల్లీమీటర్ల లోతుకు పోతుంది, లక్ష హెర్ట్జ్ వద్ద 0.2 మిల్లీమీటర్లకే పరిమితమవుతుంది. మిల్లీమీటరు మందం కూడా లేని ఏసీ గొట్టంలో వేడి ఉపరితలంలోనే పుట్టి క్షణాల్లో లోపలికి ప్రసరిస్తుంది. ఇందులో ఒక వింత ఉంది. వేడిచేసే తీగచుట్ట కూడా రాగి గొట్టమే. దాని లోపల నిరంతరం నీరు పారుతూ ఉండబట్టి అది నిలుస్తుంది, చుట్ట మధ్యలోని గొట్టం ఎర్రబారుతుంది.

రాగికి రాగిని అతికేటప్పుడు వెలిగారం కూడా అక్కరలేదు. సుమారు 7 శాతం ఫాస్ఫరస్ కలిసిన రాగి కడ్డీ 710 డిగ్రీల వద్ద కరగడం మొదలై 800 లోపే పూర్తిగా పారుతుంది. అందులోని ఫాస్ఫరస్ రాగి మీది ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. రాగి కరిగేది 1085 వద్ద. నడుమ మూడు వందల డిగ్రీల వెసులుబాటు ఉంది. ఇత్తడి వాల్వుకు రాగి గొట్టాన్ని అతకాలంటే మాత్రం మళ్లీ ఫ్లక్స్ కావాలి, కంచరి వెలిగారానికి అది వారసురాలు.

మంటతో పనిచేసేవాడు ఆ వెసులుబాటును కంటితో కొలుస్తాడు. మందమైన ఎరుపు వచ్చిందా, కడ్డీ తాకగానే పారుతోందా అన్నదే అతని ఉష్ణమాపకం. ఇండక్షన్ యంత్రం ఆ కంటి స్థానంలో కిలోవాట్లను, సెకన్లను పెట్టింది. పూరకాన్ని ఉంగరంలా ముందే తొడిగి, మీట నొక్కితే వందవ అతుకు మొదటిదానిలాగే వస్తుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2023 ప్రాంతంలో డైకిన్, బ్లూ స్టార్ వంటి సంస్థల ఏసీ కర్మాగారాలు వచ్చాయి. ఈ స్థాయి ఉత్పత్తికి కావలసింది ఒకే తీరుగా ఉండే అతుకులే. రాగి స్థానంలో అల్యూమినియం గొట్టాలు పెరిగేకొద్దీ ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. అల్యూమినియం 660 వద్ద రంగు మారకుండానే కరిగిపోతుంది. అక్కడ కంటికి చూడడానికేమీ మిగలదు.

గోడ వెనుక అతుకు

అయినా నిజాంపేట ఐదో అంతస్తు గోడ వెనుక పనిముట్టు మంటే. దీన్ని మెకానిక్ వెనుకబాటుగా చూడడం సరికాదు. ఇంటిలోని 15 ఆంపియర్ల సాకెట్ మూడున్నర కిలోవాట్లకు మించి ఇవ్వలేదు. తీగచుట్ట గొట్టం చుట్టూ పట్టాలంటే గోడకు, గొట్టానికి మధ్య చోటుండాలి. ప్రతి కొలతకు వేరే చుట్ట కావాలి. ఊదుగొట్టానికి ఇవేవీ అక్కరలేదు. పోతే, మిట్టమధ్యాహ్నపు ఎండలో రాగి మందమైన ఎరుపు కంటికి ఆనదు. చేయి చూపుకంటే అనుభవాన్ని నమ్ముకోవలసి వస్తుంది.

అసలు లోపం వేడి దగ్గర కాదు, దాని చుట్టూ జరగవలసిన పని దగ్గర ఉంది. అతుకు వేసేటప్పుడు గొట్టంలో గాలి ఉంటే లోపలి గోడ మీద నల్లని పెచ్చు కడుతుంది. అది తరువాత రాలి సన్నని దారులను మూసివేస్తుంది. దీన్ని ఆపడానికి పనిచేస్తున్నంతసేపు నత్రజనిని మెల్లగా పారించాలి. పని అయ్యాక అదే నత్రజనిని ఒత్తిడితో నింపి అతుకు కారుతున్నదేమో చూడాలి. ఆసుపత్రుల్లో ఆక్సిజన్ మోసే రాగి గొట్టాలకు ఈ క్రమం తప్పనిసరి నియమం. ఇంటి ఏసీ విషయంలో అదనపు ఖర్చుగా, అదనపు అరగంటగా కనిపించి సులభంగా జారిపోతుంది.

‘ఏసీలో గ్యాస్ అయిపోయింది, కొట్టించాలి’ అన్న మాట ప్రతి వేసవిలోనూ వినిపిస్తుంది. వంటగ్యాస్ అయిపోతుంది, పెట్రోలు అయిపోతుంది. ఏసీ వాయువు మూసిన వలయంలో తిరిగేదే గాని ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో అతుకో, గొట్టమో కారుతోంది. ‘అయిపోవడం’ అన్న క్రియ ఆ కారుడును కప్పిపెడుతుంది. గృహస్థుడు ఏటా వాయువుకు డబ్బు చెల్లిస్తాడు గాని, అతుకు గురించి అడగడు. బిందె కారితే ‘నీళ్లు అయిపోయాయి’ అని ఏ ఇల్లాలూ అనలేదు. మాటు వేయించింది. ఆ మాట నశించడం భాషకు మాత్రమే జరిగిన నష్టం కాదు.

వాయువు కూడా మారుతోంది. 1987 మాంట్రియల్ ఒప్పందం వల్ల ఆర్-22 క్రమంగా తప్పుకుంటోంది. దాని తరువాత వచ్చిన వాటిలో ఆర్-32 కొద్దిపాటి మండే గుణం ఉన్నది, ఆర్-290 అచ్చమైన ప్రొపేన్. ఆర్-22 మిగిలిన గొట్టం మీద మంట పెడితే విషవాయువులు పుట్టేవి, ప్రొపేన్ మిగిలిన గొట్టం మీద పెడితే నిప్పంటుకుంటుంది. ఇండక్షన్‌లో మంట లేదు కనుక ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. ప్రొపేన్ తనంతట తాను అంటుకోవడానికి 500 డిగ్రీల లోపు వేడి చాలు, అతుకు వేసే చోట రాగి 700 దాటుతుంది. ఏ పద్ధతిలోనైనా ముందు గొట్టాన్ని ఖాళీచేసి నత్రజనితో కడగవలసిందే. ఈ కారణంగా కొందరు తయారీదారులు అసలు వేడే లేని దారి పట్టారు. గొట్టాల మీద లోహపు తొడుగు వేసి యంత్రంతో నొక్కి బిగించడం ఆ పద్ధతి. అందులో కొలిమి లేదు, కడ్డీ లేదు, వెలిగారం లేదు, కరిగేది ఏదీ లేదు. దాన్ని మాటు అనడానికి కూడా వీలుకాదు.