మత్తు పానీయాల్లో ఆల్కహాల్ పాళ్లు: గుంటూరు, ప్రకాశం ప్రాంతం

కల్లు, బీరు, బ్రాందీ, నాటుసారా ఏదైనా మత్తెక్కించేది ఇథనాలే. పానీయం పరిమాణంలో అదెంతుందో శాతంలో చెబుతారు. 5 శాతం బీరంటే 100 మిల్లీలీటర్లలో 5 మిల్లీలీటర్ల ఇథనాల్ ఉన్నట్టు.

బాపట్ల, చీరాల, రేపల్లె తీరం వెంట పాతకాలం నుంచీ ఉన్నది తాటికల్లు. గెల కోసి లొట్టి కడితే దిగే తాజా నీరాలో చక్కెర 10 శాతం దాటి ఉంటుంది, ఆల్కహాల్ దాదాపు ఉండదు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియదు. తాటిబెల్లం వండేది ఆ నీరాతోనే. సున్నం లేకపోతే, పాత లొట్టికి అంటుకుని ఉన్న ఈస్టు గంటల్లోనే చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. పొద్దున దింపిన తియ్యటి కల్లు సాయంత్రానికి 4-5 శాతానికి రావచ్చు. ఇంకా ఉంచితే పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది. కాబట్టి కల్లు ఘాటు తెలియాలంటే ముందు ఎప్పుడు దింపారో అడగాలి. చలవ చేస్తుందని ఎండలో తాగుతారు గాని, పులిసిన కల్లు మత్తు పానీయమే.

పులియబెట్టడం వల్ల వచ్చే ఘాటుకు హద్దుంది. 15 శాతం దాటితే మామూలు ఈస్టు బతకదు. ఆపైన కావాలంటే కాచి ఆవిరి పట్టాలి. ఇథనాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది కాబట్టి నీటి కంటే ముందు ఆవిరవుతుంది.

మన దుకాణాల్లో బ్రాందీ, విస్కీ సీసాల మీద ఎక్కువగా కనిపించేది 42.8 శాతం. 57.1 శాతాన్ని నూరు డిగ్రీలుగా లెక్కించే పాత బ్రిటిష్ ప్రూఫ్ పద్ధతిలో 75 డిగ్రీలకు సరిపోయే అంకె ఇది. ఆ లెక్కన 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 77 మిల్లీలీటర్ల ఇథనాల్ ఉంటుంది. 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో 5 శాతానిదైతే 32.5, 8 శాతం స్ట్రాంగ్ బీరైతే 52 మిల్లీలీటర్లు. బీరే కదా అని రెండు స్ట్రాంగ్ సీసాలు తాగినవాడు క్వార్టర్ తాగినవాడిని దాటిపోయినట్టే.

బెల్లపు ఊట కాచి తీసే నాటుసారాకు మాత్రం ఏ అంకే లేదు. బట్టీ బట్టీకీ మారుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు రాజేసిన ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించినా సారాపై నిషేధం అలాగే ఉంది. దొంగచాటు సరుకును అగ్గిపుల్లతో వెలిగించి, మండితే మంచిదంటారు. ఆ పరీక్షను నమ్మకూడదు. విషమైన మిథనాల్ కూడా మండుతుంది.

2020 జులై చివర, మద్యం దుకాణాలు మూతపడి ఉన్నప్పుడు, ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఒక శానిటైజర్ మిశ్రమంలో ఇథనాల్ 80 శాతం, అంటే బ్రాందీకి దాదాపు రెట్టింపు. నాసిరకం సరుకులో ఇంకేం కలుస్తుందో చెప్పలేం. ఇలాంటివి తాగినవారికి చూపు మసకబారినా, వాంతులు మొదలైనా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిథనాల్ విషానికి విరుగుడు ఉంది, ఆలస్యమైతే అది అక్కరకు రాదు.