పడకేసిన రోజుకు కూలి ఎవరిస్తారు?

విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే రహదారి మీద ఉంటుంది గజపతినగరం. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పొలం పనికీ, తాపీ పనికీ, ఉపాధి పనికీ వెళ్ళే ఇళ్ళలో ఎవరికైనా జబ్బు చేస్తే రెండు లెక్కలు మొదలవుతాయి. మందులకు ఎంతవుతుందన్నది ఒకటి, ఎన్ని రోజుల కూలి పోతుందన్నది రెండోది. మొదటి లెక్కను ప్రభుత్వాలు ఆలస్యంగానైనా పట్టించుకున్నాయి. రెండోది వందేళ్ళుగా కూలివాడి నెత్తినే ఉంది.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో రైతు దగ్గర ఏడాదికి కుదిరే పాలేరును కంబారి అనేవారు. వాడుకున్న అప్పు, చేయాల్సిన చాకిరీ ఒకే ముడిగా ఉండేవి. జబ్బుకు డబ్బు కావాలన్నా మళ్ళీ ఆ గుమ్మమే ఎక్కాలి. అప్పు ఒక కుటుంబాన్ని తరాల తరబడి ఎలా కట్టిపడేస్తుందో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథలో చూపించారు. వెట్టిని రద్దుచేసే చట్టం 1976లో గానీ రాలేదు.

కార్ఖానా కార్మికుడి కథ వేరు. జర్మనీ 1883లోనే జబ్బుపడిన కార్మికుడికి 13 వారాల దాకా సగం కూలి ఇచ్చే బీమా తెచ్చింది. మన దేశంలో 1923 నాటి కార్మికుల పరిహార చట్టం పనిలో తగిలిన దెబ్బనూ, పని వల్ల వచ్చే కొన్ని జబ్బులనూ మాత్రమే గుర్తించింది. అదే ఏడు విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి మొదలైంది. ఉత్తరాంధ్ర పేదలకు వైద్యం చేసే పెద్ద దిక్కు దొరికింది గానీ, అక్కడ మంచం పట్టిన రోజులకు కూలి దొరకలేదు.

కార్మికుల ఆరోగ్య బీమాపై అదార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1948లో కార్మిక రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో అమలు మొదలైంది. ఆరు నెలల్లో 78 రోజుల చందా కట్టిన కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం కూలి అందుతుంది. 91 రోజులంటే సరిగ్గా 13 వారాలే. నెల్లిమర్ల, చిట్టివలస వంటి జూట్ మిల్లుల ఊళ్ళలో ఇది పెద్ద అండగా నిలిచింది. అయితే ఆ అండ మిల్లు సైరన్‌కు కట్టుబడి ఉంది. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. మిల్లు ఆగితే చందా ఆగుతుంది, చందా ఆగిన కొంతకాలానికి హక్కూ పోతుంది.

రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఏడాదికి 12 రోజుల జబ్బు సెలవును కూలితో ఇమ్మంది. హాజరు పుస్తకంలో పేరున్నవాళ్ళకే అది అక్కరకొస్తుంది. రోజుకో మేస్త్రీ దగ్గర పనిచేసేవాడు సెలవు ఎవరిని అడగాలి?

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ తొలుత మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. గుండె ఆపరేషన్ కోసం పొలం, పుస్తెలతాడు తాకట్టు పెట్టాల్సిన దుస్థితిని ఆ పథకం చాలా ఇళ్ళలో తప్పించింది. దేశం మొత్తం వైద్య ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి 39.4 శాతం.

ఆపరేషన్ అయ్యాక ఇంట్లో విశ్రాంతి తీసుకునే రోజుల సంగతి 2019 డిసెంబరులో వచ్చిన ఆరోగ్య ఆసరా పథకం పట్టించుకుంది. రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000. మొత్తం చిన్నదే. కానీ కార్ఖానా గేటు బయట ఉన్న మనిషికి కూడా జబ్బు రోజుల కూలి ఒక హక్కేనని ఈ నేల మీద ఒప్పుకున్న అరుదైన సందర్భం అది.

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు పీడించే ఉద్దానం ప్రాంతాన్ని చూస్తే ఆ అవసరం ఎంతటిదో తెలుస్తుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. అయినా వారానికి రెండు మూడు సార్లు రోగి వెంట వెళ్ళే భార్యో కొడుకో ఆ రోజు జీడిపప్పు బట్టీకో పొలానికో పోలేరు. వాళ్ళు పోగొట్టుకున్న కూలి ఏ పద్దులోనూ ఎక్కదు.

ఉపాధి హామీ పథకం 2006లో తొలి విడతగా అమలైన జిల్లాల్లో విజయనగరం కూడా ఉంది. పనిచోట దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే కూలిలో సగానికి తగ్గకుండా భత్యం ఇవ్వాలని ఆ పథకం తెచ్చిన చట్టం చెప్పింది. గజపతినగరం దగ్గర చెరువు పనికి వెళ్ళే మనిషి పలుగు దెబ్బకు ఆసుపత్రి పాలైతే ఆ భత్యం అడగవచ్చు. అదే మనిషిని టైఫాయిడ్ మంచాన పడేస్తే మస్టర్‌లో ఆ రోజులు ఖాళీగా ఉంటాయి, వడ్డీకి డబ్బు తేవడానికి ఇంట్లోవాళ్ళు బయలుదేరతారు.