చెరువు గీత ఎక్కడ గీయాలి?

పటేల్‌గూడలో ఇంటిస్థలం కొనాలనుకున్న మా తమ్ముడు ఒకనాడు లేఅవుటు పటం నా ముందు పరిచి, "చెరువు ఎక్కడో దూరాన ఉందన్నా, మనకేం భయం లేదు" అన్నాడు. పటంలో రోడ్లున్నాయి, పార్కు ఉంది, ప్లాట్ల నంబర్లున్నాయి. వానపడితే నీరు ఎటు పోతుందో మాత్రం లేదు. పాత పటాల మీదికి నా మనసు పోవడానికి అదే కారణం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. ఆ తరువాత కొద్ది ఏళ్లకే, 1912-15 నడుమ, లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో హైదరాబాదు నగరాన్ని పెద్ద స్కేలులో సర్వే చేసి పటాలు గీశారు. ఆ శ్రద్ధ పల్లెలకు దక్కలేదు. పల్లెకున్నది గ్రామ నక్షా. అది శిస్తు కోసం గీసినది. చెరువుకొక సర్వే నంబరు, దాని గర్భంలోని నేలకు శిఖమన్న పేరు అందులో ఉంటాయి. పొలం ఎవరిదో చెబుతుంది గాని, నీరు ఎంత ఎత్తుకు వస్తుందో చెప్పదు.

ఆ లోటు తీర్చడానికి వచ్చినదే ఎఫ్‌టీఎల్, అనగా పూర్తి నీటిమట్టం. అలుగు ఎంత ఎత్తున ఉన్నదో ఆ ఎత్తున చెరువు చుట్టూ గీసిన గీత అది. కనుక అలుగును ఒక అడుగు తెగ్గొడితే గీత లోపలికి ముడుచుకుంటుంది, పెంచితే బయటికి జరుగుతుంది. (అలుగులు రాత్రికి రాత్రి ఎందుకు తెగుతాయో ఇప్పుడు అర్థమైందనుకుంటాను!) పైగా అలుగు పారుతున్నప్పుడు నీరు ఆ గీతకు ఇంకా పైన ఉంటుంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు గీత వెలుపల మరో 30 మీటర్లు వదలమన్నది ఊరికే కాదు. ఎగువన చేలన్నీ సిమెంటుగా మారితే అదే వానకు నీరు ఎక్కువగా, త్వరగా దిగుతుంది. ఈ అమీన్‌పూర్, పటాన్‌చెరు ప్రాంతమంతటా జరిగినది అదే. ముప్పై ఏళ్లనాటి గీత నేటి వానకు సరిపోతుందని ఎట్లా నమ్మడం?

2020 అక్టోబరు 13 రాత్రి గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు తెగి మనుషులు కొట్టుకుపోయారు. అటువంటి రాత్రి వచ్చేదాకా పటాన్ని మనం తిరగవేయము. అమెరికాలో 1994 నాటి చట్టం వరదపటాలను సవరించాలో లేదో అయిదేళ్లకొకసారి చూడమన్నది. అక్కడ ఇల్లు కొనే మనవాళ్లకు అప్పిచ్చే బ్యాంకు ముందుగా చూసేవాటిలో ఆ పటమొకటి. ఇక్కడ చెరువుకు మొదట ప్రాథమిక నోటిఫికేషను, అభ్యంతరాలు విన్నాక తుది నోటిఫికేషను. ఆ రెంటి నడుమ ఏళ్లకేళ్లు గడిచిన చెరువులెన్నో. ఇళ్లు లేచినది ఆ ఏళ్లలోనే.

2024 జులైలో హైడ్రా ఏర్పడింది. సెప్టెంబరు 22న పటేల్‌గూడలోనూ ఇళ్లు కూల్చింది. అక్కడ చెప్పిన కారణం చెరువు కాదు, ప్రభుత్వ భూమి. అయినా కొన్నవాడి దుఃఖం ఒకటే: కాగితం చేతిలో ఉంది, గీత ఇంకెవరి దగ్గరో ఉంది.

తమ్ముడితో కలిసి ఆ స్థలం చూడబోయాను. మేకలు కాస్తున్న ఒక పెద్దాయన మా చేతిలోని పటం వంక చూడనైనా లేదు. "గీడ వాగు పారేది బిడ్డా" అని కర్రతో నేలమీద చూపించాడు. పటంలో అది నలభై అడుగుల రోడ్డు.