ఆగిన ఆట

మిక్సీలో గారెలపిండి తిప్పుతుంటే ఉన్నట్టుండి ఆగిపోతుంది. మనమేం కంగారుపడం. కాసేపు చల్లారనిచ్చి, అడుగున ఉన్న ఎర్ర బొత్తాం నొక్కి మళ్ళీ తిప్పుకుంటాం. అదే మా అబ్బాయి కంప్యూటరు ఆట మధ్యలో ఆగిపోతే మాత్రం ఇల్లంతా శోకాలు! పాఠాలు వింటున్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. ఆట మొదలెట్టిన పావుగంటకి తెర నల్లబడి ఊరుకుంటుంది. "దానికీ తెలుసు పరీక్షలొస్తున్నాయని" అన్నారు మావారు. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలంటాడు వాడు. అసలు పెట్టెనే అమ్మిపారేద్దామంటారు ఈయన.

ఈ తగువు ఈనాటిది కాదండోయ్. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవారు 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ కంప్యూటరు సంగతే చూడండి. ముప్ఫై టన్నుల బరువు, దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు. ఆ వేడికి గాలి తోలడానికే పెద్ద పెద్ద ఫ్యాన్లు కావలసివచ్చాయి. ట్యూబులు ఎక్కువగా పోయేది మీట వేసినప్పుడూ, తీసినప్పుడూనట. అందుకని ఆర్పకుండానే ఉంచేవారు.

ఆ ట్యూబుల అడవిలో ఏది చెడిందో వెతికి పట్టుకోవడం నేర్చుకున్నవాళ్ళు ఎవరనుకున్నారు? ఆరుగురు అమ్మాయిలు! కాథ్లీన్ మెక్‌నల్టీ, బెట్టీ జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలాస్, రూత్ లిక్టర్‌మాన్. మొదట్లో వాళ్ళని యంత్రం ఉన్న గదిలోకే రానివ్వలేదు. కాగితాల మీది పటాలు ముందేసుకుని దాని గుట్టంతా తెలుసుకున్నారు. వంటింట్లోకి రానివ్వకుండా వంట నేర్చుకోమన్నట్టు లేదూ?

ఫిబ్రవరి 15న పెద్దలందరి ముందూ ప్రదర్శన. ఫిరంగి గుండు ఎటు ఎగిరి ఎక్కడ పడుతుందో యంత్రం లెక్కకట్టి చూపించాలి. తీరా ముందురోజు రాత్రి చూస్తే, గుండు నేలని తాకాక కూడా లెక్క ఆగదే! భూమిలోకి దూసుకుపోతూనే ఉంది. మనవి ఆగిపోయి ఏడిపిస్తుంటే ఇది ఆగక ఏడిపించిందన్నమాట. తల బద్దలుకొట్టుకుని ఇంటికెళ్ళి పడుకున్న బెట్టీ స్నైడర్‌కి నిద్రలో జవాబు తట్టింది. పొద్దున్నే వచ్చి ఒకే ఒక్క మీట మార్చింది, అంతే. గుండు పడవలసినచోట బుద్ధిగా పడింది.

ప్రదర్శన దివ్యంగా జరిగింది. ఆ రాత్రి విందు కూడా జరిగింది. ఆ ఆరుగురినీ దానికి పిలవలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత పాత ఫోటోల్లో వాళ్ళని చూసినవాళ్ళు, యంత్రం పక్కన అందానికి నిలబెట్టిన మోడళ్ళనుకున్నారట! 1997లో గాని ఆరుగురికీ కలిపి ఒక గౌరవం దక్కలేదు. నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంకో ముచ్చట. 1972లో అటారీవాళ్ళు పాంగ్ అనే ఆటయంత్రాన్ని కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్ళో ఒక బారులో పెట్టారు. కొన్నాళ్ళకే అది పనిచెయ్యడం లేదని కబురొచ్చింది. తయారుచేసిన అల్ అల్కార్న్ పరుగున వెళ్ళి తెరిచి చూస్తే, లోపల తీగలన్నీ లక్షణంగానే ఉన్నాయి. చిల్లర డబ్బా నిండిపోయి నాణాలు పొంగిపొర్లుతున్నాయి!

ఇదంతా చదివాక నాకూ ధైర్యం వచ్చింది. ఆటలో బొమ్మలు గీయడానికి లోపలి భాగాలు గొడ్డులా కష్టపడతాయి, వేడెక్కుతాయి. వేడి హద్దు దాటితే మాడిపోకుండా యంత్రం తనంతట తానే ఆరిపోతుంది, మన మిక్సీలాగే. కరెంటునిచ్చే లోపలి పెట్టె ఆ బరువు మొయ్యలేకపోయినా ఇదే తంతు. ముందు ఖర్చులేనిది చూద్దామని, ప్లగ్గు పీకి, పక్క మూత తీశాను. ఫ్యాను రెక్కలనిండా దుమ్ము, దిండులోంచి తీసిన దూదిలాగ! రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులిపాను.

ఆ సాయంత్రం వాడు రెండు గంటలు ఆడినా ఆగలేదు. మావారు మాత్రం ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.