సీసం సంచి ఓడిపోయిన కథ

ఎక్స్ కిరణాలకూ ఫొటోకూ పుట్టుక నుంచే చుట్టరికం. 1895 నవంబరులో వాటిని కనిపెట్టిన విల్‌హెల్మ్ రాంట్‌జెన్, ఆ డిసెంబరులోనే భార్య చేతి ఎముకలను ఫొటో ప్లేటుపై చూపించాడు. కడగని ఫిల్ముకు ఎక్స్ కిరణం కూడా వెలుతురే. ఆ గుణమే తర్వాత ప్రయాణికుల కొంప ముంచింది.

విమానాల హైజాకింగులు పెరగడంతో అమెరికా 1973 జనవరి నుంచి ప్రయాణికులందరి తనిఖీని తప్పనిసరి చేసింది. చేతిసంచులు ఎక్స్‌రే యంత్రాల్లోకి వెళ్లసాగాయి. ఐఎస్ఓ 100 ఫిల్ముకు ఒకటి రెండు సార్లయితే పెద్దగా నష్టం లేదు. వేగం ఎక్కువున్న, అంటే వెలుతురుకు త్వరగా స్పందించే ఫిల్ముకే దెబ్బ. పైగా ప్రతి విమానాశ్రయంలో తగిలే మోతాదు ముందరి దానికి జతవుతూ పోతుంది. అందుకే సీసం పొర వేసిన సంచులు బజారుకొచ్చాయి. సీసం బరువైన లోహం, కిరణాలను చాలావరకు మింగేస్తుంది.

1994 డిసెంబరులో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ సీటీఎక్స్ 5000 యంత్రానికి ఆమోదముద్ర వేయడంతో కథ తిరగబడింది. అది చెకిన్ సామాను కోసం చేసిన సీటీ స్కానర్. ముందు పెట్టెనంతా మామూలుగా చూసి, అనుమానం వచ్చిన చోట అరటికాయను చక్రాలుగా కోసినట్టు అడ్డంగా చూస్తుంది. ఆ సన్నని, బలమైన పుంజం తగిలిన రీలును కడిగితే నెగటివ్‌పై సెంటీమీటరు వెడల్పున నల్లని పట్టీ తేలుతుంది. ఫిల్ము చుట్టగా ఉంటుంది కాబట్టి, రీలు పడి ఉన్న తీరును బట్టి ఆ పట్టీ ఒక్కోసారి అలలా వంకర్లు పోతుంది. తెరపై నల్లటి ముద్దగా కనిపించే సీసం సంచి అసలు అనుమానానికే తావిస్తుంది. దాచిపెట్టిన కొద్దీ యంత్రం అక్కడే కన్నేస్తుంది!

పోనీ ఫిల్మును టపాలో పంపుదామన్నా అన్నిచోట్లా కుదరదు. 2001లో ఆంథ్రాక్స్ వ్యాధి బీజాలతో ఉత్తరాలు వచ్చిన తర్వాత, వాషింగ్టన్ ప్రభుత్వ కార్యాలయాలకు వెళ్లే టపాను ఎలక్ట్రాన్ పుంజాలతో శుద్ధి చేయడం మొదలైంది. సూక్ష్మజీవి బీజాలను చంపే మోతాదు ముందు కడగని ఫిల్ము నిలవదు.

చివరికి దారి చూపింది సీసం కాదు, పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి. అట్టపెట్టెలు తీసేసి రీళ్లన్నీ అందులో వేసి, చేతితో చూడమని అడగడం. అమెరికాలో ఇలా అడిగే వీలుంది. సిబ్బంది డబ్బాలపై గుడ్డముక్క రుద్ది, పేలుడు పదార్థపు జాడ ఉందేమో చూసి ఇచ్చేస్తారు. మిగతా దేశాల్లో చాలాచోట్ల అది అక్కడివారి దయ. ఇప్పుడు చేతిసంచుల వరుసలోకీ సీటీ యంత్రాలు వచ్చేశాయి కాబట్టి ఈ అలవాటు మరీ అవసరం.

వీలైతే వెళ్లిన ఊళ్లోనే ఫిల్ము కడిగించుకోవడం ఇంకా మేలు. ఫిక్సర్ మిగిలిన వెండి లవణాన్ని కరిగించేశాక ఆ నెగటివ్‌ను ఏ ఎక్స్‌రే ఏమీ చేయలేదు.