యంత్రం ఊపిరి: బుల్లెట్ మోటారు సైకిలు నేర్పిన పాఠం

కొంత దూరం నడిపి నిలిపిన పాత మోటారు సైకిలు కింద నూనె చుక్కలు కనబడటం సాధారణం. అతుకు సరిగా లేదని యజమాని భావిస్తాడు. బోల్టులు బిగిస్తాడు, గాస్కెట్ మారుస్తాడు. కొద్ది రోజులకు నూనె మళ్ళీ కారుతుంది. అతుకును నిందించే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: యంత్రంలోని గాలి ఎక్కడికి పోతున్నది? మోటారు సైకిళ్ళ చరిత్రలో ఈ చిన్న ప్రశ్నకు సమాధానం వెదకడానికి చాలా కాలం పట్టినది.

నెల్లూరు తీరం వెంబడి దక్షిణంగా పోతే, చెన్నై నగరపు ఉత్తరపు అంచున తిరువొత్తియూరు ఉన్నది. త్యాగరాజస్వామి పంచరత్న కృతుల వలన తెలుగువారికి ఈ ఊరు చిరపరిచితం. 1955లో మద్రాస్ మోటార్స్ వారు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీని స్థాపించారు. ఆ కంపెనీ తిరువొత్తియూరు కర్మాగారంలో బుల్లెట్ మోటారు సైకిళ్ళ తయారీ ప్రారంభించినది. రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతపడినా, పోత ఇనుప సిలిండరు గల ఆ పాత నమూనా ఇక్కడ 2010 ప్రాంతం వరకు తయారవుతూనే వచ్చినది. అందుచేత ఇతర దేశాలలో ప్రదర్శనశాలలకు చేరిన యంత్రం, దాని గుణదోషాలతో సహా, మన రోడ్ల మీద నిలిచి ఉన్నది.

తొలినాటి మోటారు సైకిళ్ళకు నూనె కారటం ఒక లోపం కాదు. చోదకుడు కొన్ని మైళ్ళకొకసారి చేతి పంపుతో కొద్దిగా నూనె యంత్రంలోకి నెట్టేవాడు. అది పని చేసి, కొంత కాలిపోయి, కొంత బయటికి పోయేది. తరువాత ఒకే నూనెను మళ్ళీ మళ్ళీ తిప్పే పద్ధతి వచ్చినది. బుల్లెట్‌లో నూనె తొట్టి క్రాంకు పెట్టెతో కలిపి పోత పోయబడినది. ఒక పంపు నూనెను బేరింగులకు అందిస్తుంది. దాదాపు రెండింతలు శక్తి గల మరొక పంపు, కిందికి జారిన నూనెను తిరిగి తొట్టికి చేరుస్తుంది. తిరిగి వాడే నూనె పోతే నష్టమే. తొట్టి ఖాళీ అయితే పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోతుంది.

ఇప్పుడు గాలి సంగతి చూద్దాం. 350 బుల్లెట్ సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. అంటే పిస్టన్ దిగినప్పుడల్లా కింది పెట్టెలో 346 ఘన సెంటీమీటర్ల చోటు తగ్గుతుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే యంత్రంలో ఇది సెకనుకు 50 సార్లు జరుగుతుంది. మాటవరుసకు, పిస్టన్ పైన ఉన్నపుడు పెట్టెలో 1,730 ఘన సెంటీమీటర్ల ఖాళీ ఉన్నదనుకుందాం. పిస్టన్ దిగితే అది 1,384 అవుతుంది. పెట్టె పూర్తిగా మూసి ఉంటే, బాయిల్ సూత్రం ప్రకారం పీడనం 1 నుంచి 1.25 వాతావరణాలకు పెరుగుతుంది. దీనికి తోడు, రింగుల పక్క నుంచి దహన వాయువులు కొన్ని కిందికి జారుతాయి. ఈ ఒత్తిడి ప్రతి అతుకు నుంచీ నూనెను బయటికి నెడుతుంది.

రంధ్రం చేస్తే సరిపోదా? సరిపోదు. గాలి ఎంత బయటికి పోతుందో అంతా దుమ్ముతో, తేమతో తిరిగి లోపలికి వస్తుంది. కావలసినది ఒకే దిశలో తెరుచుకునే కవాటం. కమ్మరి కొలిమి తిత్తిలో తోలు రెక్క చేసే పని ఇదే. తిత్తిలో అది గాలిని లోనికి రానిస్తుంది, ఇక్కడ కవాటం బయటికి పోనిస్తుంది. కవాటం ఉన్నపుడు పిస్టన్ కింద ఉండగా పీడనం 1 వాతావరణం, పైకి పోగా 0.8. లోపలి పీడనం బయటి దానికన్నా తక్కువ కనుక అతుకుల వద్ద నూనె బయటికి రాదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ పూర్వపు యంత్రాలలో ఈ పని పలుచని ఉక్కు బిళ్ళలు చేసేవి. తరువాతి బుల్లెట్లలో బాతు ముక్కు వంటి రబ్బరు మూతి చేసినది.

రెండు పిస్టన్లూ కలిసి లేచి కలిసి దిగే ట్రయంఫ్ జంట సిలిండర్ల యంత్రాలలోనూ ఇదే సమస్య. వారు క్యామ్ షాఫ్టు చివర తిరిగే కవాటం అమర్చారు. 1970 నమూనాలలో దానిని తొలగించి, గాలిని చైను పెట్టె గుండా పెద్ద గొట్టంలోకి వదిలారు. ఒకటి లేస్తుంటే ఒకటి దిగే పిస్టన్ల జంటలో మాత్రం కింది పెట్టె ఘనపరిమాణం దాదాపు మారదు.

కనుక మరమ్మతుకు ఒక క్రమం ఉన్నది. ముందుగా యంత్రాన్ని తుడిచి, టాల్కం పొడి చల్లి, కొద్ది దూరం నడిపి, తడి ఎక్కడ మొదలైనదో చూడాలి. నడుస్తున్నపుడే కారితే బ్రీదరు గొట్టాన్ని, రబ్బరు మూతిని పరీక్షించాలి. వేడికి, నూనెకు రబ్బరు గట్టిపడి మూసుకోకుండా పోవచ్చు. ఆ తరువాత రింగుల అరుగుదల చూడాలి. చివరిది గాస్కెట్. చాలా రోజులు నిలిపి ఉంచిన బండిలో నూనె పంపుల సందుల నుంచి క్రాంకు పెట్టెలోకి దిగుతుంది. స్టార్టు చేయగానే అది బ్రీదరు గుండా చిమ్ముతుంది. దానిని అతుకు దోషమని పొరపడరాదు. గొట్టంలో వెన్న వంటి తెల్లని ముద్ద కనబడితే అది నీటితో కలిసిన నూనె. లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. యంత్రం బాగా వేడెక్కని చిన్న ప్రయాణాలలో ఆ ఆవిరి కొంత లోపలే చల్లబడుతుంది.

బయటికి వదిలిన ఈ పొగ గాలిని కలుషితం చేస్తుందని గ్రహించి, కాలిఫోర్నియాలో 1961 నమూనా కార్ల నుంచి దానిని తిరిగి సిలిండరుకే పంపి కాల్చే పద్ధతి అమలులోకి తెచ్చారు. నేటి మోటారు సైకిళ్ళలోనూ బ్రీదరు గొట్టం గాలి వడపోత పెట్టెకే పోతుంది. పాత బుల్లెట్ కింద పడిన చుక్కను పానాతో మాత్రమే ఎదుర్కొన్నవాడు బోల్టు మరలు చెడగొట్టుకుంటాడు. బడిలో చదివిన బాయిల్ సూత్రం గుర్తున్నవాడు ముందుగా బ్రీదరు గొట్టం చివర వేలు పెట్టి చూస్తాడు.